అప్రైజల్‌కి కాంప్స్ ఏరుతున్నారా? ధర చూసి ఇల్లు వెతక్కండి

పోయిన నెల టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో మాకు బాగా తెలిసిన జంట ఇల్లు కొంటూ చివర్లో ఇరుక్కుపోయారు. కాంట్రాక్టు 6,50,000 డాలర్లు. అప్రైజల్, అంటే లోన్ ఇచ్చే లెండర్ కోసం అప్రైజర్ కట్టిన ఇంటి విలువ, 6,22,000 వచ్చింది. రెండిట్లో ఏది తక్కువైతే దాని మీదే లెండర్ లోన్ లెక్క కడతాడు కాబట్టి, మధ్యలో 28,000 వీళ్ల జేబులోంచి పోవాలి. విలువ మళ్లీ చూడమని అడగడానికి కాంప్స్ కావాలి, అంటే పోల్చి చూపడానికి దగ్గర్లో అమ్ముడైన ఇళ్లు. రాత్రి పదకొండింటికి భర్త వాట్సాప్‌లో ఐదు ఇళ్లు పంపి, "అన్నా, ఇవి సరిపోతాయి కదా? లెండర్‌కి కూడా పంపేశా" అన్నాడు.

అన్నీ 6,60,000 పైమాటే. ఒకదాంట్లో స్విమ్మింగ్ పూల్. రెండు ప్రాస్పర్ స్కూల్ డిస్ట్రిక్ట్‌లో, వీళ్ల ఇల్లేమో ఫ్రిస్కో డిస్ట్రిక్ట్‌లో. ఒకటి 700 చదరపు అడుగులు పెద్దది. ఇంకోటి పెండింగ్‌లోనే ఉంది, అమ్మకమే పూర్తి కాలేదు. నాలుగో రోజుకి జవాబొచ్చింది: విలువలో మార్పు లేదు.

చేసిన తప్పు ఒక్కటే. కావలసిన అంకె ముందు మనసులో పెట్టుకుని, దానికి తగ్గ ఇళ్లు ఏరాడు. రీఫైనాన్స్‌లోనూ (పాత లోన్ తీర్చి కొత్తది తీసుకోవడం), అమ్మకాల్లోనూ నేను చూసినవాళ్లలో చాలామంది మునిగింది ఇక్కడే. మీ లిస్టులో ఇళ్లన్నీ ఖరీదైనవే అయితే అప్రైజర్‌కి విషయం ఒక్క చూపులో అర్థమైపోతుంది. ఆ తర్వాత మీరు చెప్పిన నిజమైన పాయింటు కూడా ఎక్కదు.

పైగా అడగడానికి ఛాన్స్ ఒక్కటే. ఫ్యానీ మే (లెండర్ల నుంచి ఇంటి లోన్లు కొనే సంస్థ) లోన్లకు 2024లో వచ్చిన నియమాల ప్రకారం, విలువ మళ్లీ చూడమని లోన్ తీసుకునేవాళ్లు ఒక అప్రైజల్‌కి ఒక్కసారే అడగొచ్చు. ఐదు ఇళ్లకు మించి చూపించకూడదు.

ముందు ఇల్లు

టెక్సాస్‌లో అమ్మిన ధర బయటపెట్టాలన్న చట్టం లేదు. వెబ్‌సైట్లలో కనిపించేది చాలాసార్లు అడిగిన ధర, లేదా అంచనా. క్లోజైన ధర, అంటే నిజంగా అమ్ముడైన ధర, కావాలంటే మీ ఏజెంట్ ఎంఎల్ఎస్ (ఏజెంట్లు వాడే అమ్మకాల డేటాబేస్) నుంచి తీసివ్వాలి. ఆ షీటు ప్రింట్ తీసుకోండి. ధరల కాలమ్ కనపడకుండా కాగితం వెనక్కి మడవండి. నేను ఇప్పటికీ అలాగే చేస్తాను, మా ఆవిడ నవ్వినా సరే.

ఇప్పుడు మీ సబ్‌డివిజన్‌తో (మీ కాలనీతో) మొదలుపెట్టి, అదే స్కూల్ డిస్ట్రిక్ట్, దగ్గర దగ్గర సైజు, అదే కాలంలో కట్టినవి, అన్ని అంతస్తులే ఉన్నవి టిక్ పెట్టండి. ఊరి పేరు నమ్మొద్దు: ఒక్క ఫ్రిస్కోలోనే ఫ్రిస్కో, ప్రాస్పర్, లూయిస్‌విల్, లిటిల్ ఎల్మ్ అని నాలుగు స్కూల్ డిస్ట్రిక్టులున్నాయి. మీ ఇంటికన్నా కొంచెం పెద్దది ఒకటి, కొంచెం చిన్నది ఒకటి తప్పకుండా ఉండాలి, మీ ఇల్లు వాటి మధ్యలో పడాలి. అంతా అయ్యాకే మడత విప్పండి.

తర్వాత తేదీ

కనీసం మూడు క్లోజైన అమ్మకాలు కావాలి, మామూలుగా గత 12 నెలల్లోవి. క్లోజింగ్ తేదీతో పాటు కాంట్రాక్టు తేదీ కూడా రాయండి, ఎందుకంటే ధర కుదిరింది ఆ రోజు. డిసెంబర్‌లో కుదిరి ఫిబ్రవరిలో క్లోజైన ఇల్లు స్ప్రింగ్ మార్కెట్ గురించి చెప్పేది తక్కువ.

ఇక మిగతావి, గుర్తొచ్చిన వరుసలో:

- కొత్త ఇళ్ల విషయంలో బిల్డర్ వడ్డీ తగ్గించడానికో, క్లోజింగ్ ఖర్చులకో ఎంత ఇచ్చాడో కనుక్కోండి. 6,40,000కి అమ్మి 20,000 వెనక్కిచ్చిన ఇంటిని 6,40,000 ఇల్లు అనుకోవద్దు.
- రెండిళ్ల మధ్య తేడాలకు చేసే సర్దుబాటు ఎప్పుడూ కాంప్ ధర మీదే. కాంప్ మీ ఇంటికన్నా మెరుగైతే తీసేయాలి, తక్కువైతే కలపాలి. చదువుకున్నవాళ్లే తిరగేసి రాస్తారు.
- పెట్టిన ఖర్చు విలువ కాదు. 80,000 పోసి కట్టిన పూల్ 80,000 కలపదు.
- తూర్పు ముఖం మనకి ప్రాణం. అమ్మకాల్లో ఆ తేడా ధరగా కనపడితేనే అప్రైజర్‌కి లెక్క.
- ఫోర్‌క్లోజర్లు (లోన్ కట్టక లెండర్ లాక్కున్న ఇళ్లు), చుట్టాల మధ్య అమ్మకాలు వద్దు.
- అప్రైజల్ తేదీ తర్వాత క్లోజైనవి పంపొద్దు.
- "మనవాళ్లంతా అక్కడే ఉంటారు" అని ఎక్కడా రాయొద్దు. ఇళ్ల విషయంలో వివక్ష కూడదనే ఫెయిర్ హౌసింగ్ చట్టం ఉంది. ఒక్క ముక్క కూడా రాయొద్దు.
- అప్రైజర్‌కి ఫోన్ చేయొద్దు. అంతా లెండర్ ద్వారానే.
- రీఫైనాన్స్ అయితే మీకెంత కావాలో అప్రైజర్ ముందు నోరు జారొద్దు.
- మే 15 లోపు వేసే ప్రాపర్టీ టాక్స్ ప్రొటెస్ట్‌కి (పన్ను కోసం కట్టిన విలువ ఎక్కువని చెప్పే అభ్యంతరం) ఏరిన లిస్టు ఇక్కడ వాడొద్దు. అది జనవరి 1 నాటి విలువ, పైగా అక్కడ మీరు తగ్గించమని వాదించారు.
- అప్రైజర్ వాడిన కాంప్స్ ముందు చదవండి. చదరపు అడుగులో, బాత్రూముల లెక్కో తప్పు పడి ఉంటే, కొత్త ఐదు ఇళ్లకన్నా ఆ ఒక్క తప్పు బలంగా పనిచేస్తుంది.
- లిస్టు పంపే ముందు మళ్లీ చూసుకోండి: అన్నీ మీ అంకె పైనే ఉన్నాయా? అయితే మీరు ధర చూసి ఇల్లు వెతికారు. చించేసి మొదట్నుంచి చేయండి.
- ఆఫర్ పోటీలో పడి అప్రైజల్ తక్కువొస్తే కాంట్రాక్టు నుంచి బయటపడే హక్కు వదులుకునే ఫారంలో టిక్ పెట్టే ముందు, బ్యాంకులో డౌన్ పేమెంట్ పోగా ఎంత మిగులుతుందో చూసుకోండి. మా వాళ్లు ఆ టిక్ పెట్టేశాకే నాకు ఫోన్ చేశారు.