ఇల్లు తళతళలాడుతోంది, అడ్మిషన్ మాత్రం రావట్లేదు: ఇంటి డేకేర్‌లో సమస్యలు, పరిష్కారాలు

ఊడవడం, తుడవడం, డైపర్ మార్చాక చేతులు కడుక్కోవడం గురించి మీకు నేను చెప్పక్కర్లేదు. ఇంట్లో డేకేర్ నడుపుతున్నారంటే అవన్నీ రోజూ చేస్తున్నవే. పేరెంట్స్ చూడటానికి వస్తున్నారని తెలిసి ఇల్లంతా కడిగి పెట్టుకున్నా, చివరికి "ఇంట్లో మాట్లాడుకుని ఫోన్ చేస్తామండీ" అన్న మాటే వింటున్నవాళ్ళ కోసం ఇది రాస్తున్నా. ఆ ఫోన్ రాదని వాళ్ళకీ తెలుసు, మీకూ తెలుసు.

ముందు ఒక పని చెయ్యండి. ఎన్నిసార్లు చెప్పినా ఎవరూ చెయ్యరు, అందుకే మొదట్లోనే చెప్తున్నా. చెప్పులేసుకుని బయటికి వెళ్ళండి. వీధి చివరిదాకా నడిచి, పావుగంట ఆగి, వెనక్కి వచ్చి తలుపు తియ్యండి. లోపలికి అడుగు పెట్టగానే ఏం వాసన వచ్చిందో గమనించండి. రోజంతా అదే గాలి పీల్చిన ముక్కు ఇంటి వాసనని పట్టించుకోవడం మానేస్తుంది. "మా ఇంట్లో ఏ వాసనా లేదండీ" అని మీరు ఒట్టేసి చెప్పినా నేను నమ్మను. కావాలంటే పక్కింటావిణ్ణి పిలిచి అడగండి.

వాసన చూశాక పిల్లలు ఆడుకునేచోట నేల మీద కూర్చోండి. మనం నిలబడి ఇల్లు సర్దుతాం. వచ్చిన తల్లి మాత్రం చంకలో పిల్లని దించడానికి వంగుతుంది, పిల్ల కొంగు వదలకపోతే పక్కనే కూర్చుంటుంది. అక్కడినుంచి ఆమెకి కనపడేవి వేరు. టీపాయ్ అడుగున అంటుకుని ఎండిపోయిన మెతుకులు, సోఫా కింద బూజు, గోడ మీద రెండడుగుల ఎత్తులో పొడుగునా చేతి మరకల చార, కుర్చీ కాళ్ళకి చుట్టుకున్న వెంట్రుకలు. కూర్చుని చూసి, కనపడ్డవి తుడిచెయ్యండి. దీనికి ఇంతకంటే వివరం అక్కర్లేదు.

గుమ్మంలోనే ముఖం మారిపోతోంది

అన్నిటికంటే ఎక్కువ అడ్మిషన్లు పోయేది ఇక్కడే. వాసన ఎప్పుడొస్తోందో చూస్తే ఎక్కడిదో సగం తెలిసిపోతుంది.

పొద్దున్నే తలుపు తీయగానే గుప్పుమని, కిటికీలు తెరిచాక తగ్గిపోతే డ్రెయిన్. వాడని బాత్రూమ్‌లో నేల మీది జాలీ కింద నిలవుండాల్సిన నీళ్ళు ఎండిపోయుంటాయి. పైపులోని గాలి ఇంట్లోకి రాకుండా ఆపేది ఆ నీళ్ళే. ఒక మగ్గు నీళ్ళు పొయ్యండి, వారానికోసారి పోస్తూ ఉండండి. ఒక మూలనుంచే వస్తుంటే డైపర్ల డబ్బా. మూత గట్టిగా పడేది కొనండి, మధ్యాహ్నం ఒకసారి కవరు ముడేసి బయట పెట్టండి. చెత్తబండి వచ్చేదాకా లోపల ఉంచొద్దు. ఏసీ వేసిన కాసేపే వచ్చి పోతే ఫిల్టర్ కడగండి.

తడిగుడ్డ పెట్టాక వాసన పెరిగితే, వాన ముసురు పట్టిన రోజు పెరిగితే, మధ్యాహ్నం పిల్లలు పడుకుని లేచాక గది తలుపు తీసినప్పుడు ముక్కుకి ఘాటుగా తగిలితే, అది మ్యాట్.

అదేనండీ, రంగురంగుల పజిల్ మ్యాట్. ఒక్కో పలకకీ పళ్ళుండి, ఒకదాన్లో ఒకటి ఇరికించే ఫోమ్ మ్యాట్. ఏ డేకేర్‌కి వెళ్ళినా అదే ఉంటుంది. పిల్లలు పడినా దెబ్బ తగలదు, ఫొటోలో అందంగా కనపడుతుంది. పైన తుడిస్తే మరకలు పోతాయి కాబట్టి అది శుభ్రంగానే ఉందని అందరూ అనుకుంటారు. ఫోమ్ నీళ్ళు పీల్చదు, నిజమే. అతుకుల సంగతి వేరు. పిల్లాడు ఉచ్చ పోస్తే పైన కనపడేది మనం తుడిచేలోపే కొంత అతుకుల్లోంచి కిందికి దిగిపోతుంది. పాలు, జావ, పళ్ళరసం, అన్నీ అదే దారిన పోతాయి. నీళ్ళవిషయంలో పజిల్ మ్యాట్ జల్లెడే అనుకోండి.

ఇప్పుడు మన ఊరి గాలి సంగతి. విశాఖలో మే నెల ఎండలో కూడా గాలిలో చెమ్మ వదలదు. లాసన్స్ బే, ఎం.వి.పి. కాలనీ, పెద వాల్తేరు లాంటి సముద్రం పక్క ప్రాంతాల్లో ఆరేసిన తువ్వాలే సాయంత్రానికి మెత్తగా ఉంటుంది. అలాంటిది ఫోమ్‌కీ టైల్‌కీ మధ్య గాలాడనిచోట తడి ఎప్పుడు ఆరుతుంది? మూత్రం పోసిన వెంటనే పెద్దగా వాసన ఉండదు. గంటలు గడిచేకొద్దీ బ్యాక్టీరియా అందులోని యూరియాని అమ్మోనియాగా మారుస్తుంది. ఆ ఘాటు అప్పుడొస్తుంది. ఆరిపోయినట్టు కనపడ్డా అడుగున మిగిలిన పొర చెమ్మ తగలగానే మళ్ళీ వాసన వేస్తుంది.

దీని మీద రోజూ తడి మాపు పెడతాం. బకెట్‌లో ముంచి, సరిగ్గా పిండకుండా మ్యాట్ మీద లాగితే, ఆ నీళ్ళు కూడా అతుకుల్లోంచే దిగుతాయి. "పొద్దున్నోసారి, సాయంత్రమోసారి తుడుస్తన్నానమ్మా, ఇంకేటి సెయ్యమంతారు" అని ఆయా నొచ్చుకుంటుంది. పాపం, ఆమె మాట నిజమే. ఎంత తుడిస్తే వాసన అంత పెరుగుతుంది. వాసన వస్తోందని ఇంకాస్త ఫినాయిల్ పోస్తాం, అదీ కిందే చేరుతుంది. ఫినాయిల్, ఉచ్చ, పాలు కలిసిన వాసన ఎలా ఉంటుందో ఒక్కసారి చూస్తే మర్చిపోలేరు.

నమ్మకం కుదరకపోతే గది మధ్యలో, పిల్లలు ఎక్కువగా కూర్చునేచోట ఒక పలక ఊడదీసి చూడండి. గోడ వారగా ఉన్నది తియ్యకండి, అది శుభ్రంగానే ఉంటుంది, మీరు మోసపోతారు. మధ్యది ఎత్తితే టైల్ మీద పలక పళ్ళ ఆకారం పసుపచ్చటి గీతలా అచ్చు పడి ఉంటుంది. ఆ గీత వెంబడి వెంట్రుకలు, నానిన బిస్కెట్ బూడిదరంగు ముద్దయి ఉంటుంది. పలక వెనక్కి తిప్పి వేలు పెడితే జిగురుగా తగులుతుంది. టైల్స్ మధ్య సందుల్లో సిమెంటు నల్లబడి ఉంటుంది. ఆ సిమెంటు తడిని పీలుస్తుంది కాబట్టి మ్యాట్ ఒక్కటే కడిగితే వాసన పూర్తిగా పోదు. చాలామంది ఇక్కడే ఆగిపోయి, "కడిగామండీ, అయినా పోలేదు" అంటారు.

సాయంత్రం పిల్లలందరూ వెళ్ళాక మొదలుపెట్టండి, ఎందుకంటే ఆరడానికి రాత్రంతా కావాలి. పలకలు తీసేటప్పుడే వెనకవైపు మార్కర్‌తో నంబర్లు వెయ్యండి, లేకపోతే పొద్దున్న పేర్చడానికి తల ప్రాణం తోకకొస్తుంది. గిన్నెలు తోమే లిక్విడ్ గోరువెచ్చటి నీళ్ళలో కలిపి, మెత్తటి బ్రష్‌తో రెండు వైపులా తోమండి. పళ్ళ సందుల్లోకి బ్రష్ వెళ్ళాలి, అసలు మురికంతా అక్కడే. కడిగేశాక ఒక వంతు తెల్ల వెనిగర్‌కి రెండు వంతుల నీళ్ళు కలిపి రాసి, పావుగంట ఉంచి, మంచినీళ్ళతో కడగండి. వెనిగర్ ఆమ్లం, అమ్మోనియా క్షారం, అందుకే అది ఘాటు విరుస్తుంది. నేలకీ ఇదే వరస. టైల్ సందుల్ని పాత టూత్‌బ్రష్‌తో తోమాలి. తర్వాత పొడిగుడ్డతో తుడిచి, ఫ్యాను వేసి, నేలని రాత్రంతా అలా వదిలెయ్యండి. పలకల్ని పరిచి కాకుండా గోడకి చేరేసి నిలబెట్టండి. మేడ మీద ఎండలో గంటలకొద్దీ పెట్టొద్దు. ఫోమ్ ముడుచుకుని అంచులు పైకి లేస్తాయి, తర్వాత ఆ పళ్ళు ఒకదాన్లో ఒకటి కూర్చోవు, సందులు ఇంకా పెద్దవవుతాయి.

బ్లీచింగ్ జోలికి మాత్రం పోకండి. ఉచ్చ ఇంకినచోట బ్లీచింగ్ పౌడర్ చల్లితే అమ్మోనియాతో కలిసి కళ్ళు, గొంతు మండించే క్లోరమిన్ వాయువులు పుడతాయి. వెనిగర్‌తోనో, యాసిడ్ ఉండే టాయిలెట్ క్లీనర్‌తోనో కలిస్తే క్లోరిన్ వస్తుంది. పసిపిల్లలు పాకే గదిలో ఈ ప్రయోగాలొద్దు.

రెండుసార్లు ఇలా కడిగాక కూడా ఒక పలక వాసన వేస్తుంటే దాన్ని పారెయ్యండి. పైన చిన్న పంటి గాట్లు పడి, పొర లేచిపోయినవి ఎలాగూ పనికిరావు. ఆ ముక్కలు పిల్లలు నోట్లో పెట్టుకుంటారు.

ఆ తర్వాత అలవాటు మార్చుకోవాలి. మ్యాట్ మీద మాపు పూర్తిగా మానేసి, గట్టిగా పిండిన గుడ్డతో తుడవాలి. ఏదైనా ఒలికితే పైన అద్ది ఊరుకోకుండా ఆ పలకలు అప్పుడే తీసి ఆరబెట్టాలి. శనివారం సాయంత్రం మొత్తం లేపాలి. జూన్ నుంచి నవంబర్ తుపాన్లదాకా మధ్యలో ఇంకోసారి కూడా. ఇంత చాకిరీ ఎందుకంటారా, నా సలహా సూటిగా చెప్తా: రెండేళ్ళలోపు పిల్లలున్న గదిలో పజిల్ మ్యాట్ వద్దు. అతుకుల్లేని, మడత పెట్టే మ్యాట్ కొనండి. డబ్బులు ఎక్కువే, కానీ ఎత్తి దులపడం నిమిషం పని. పెద్దపిల్లలకైతే ఉతుక్కునే జంపఖానా చాలు.

మ్యాట్ కాదని తేలితే పరుపులు చూడండి. కింద రబ్బరు షీటు ఉన్నా కుట్ల దగ్గర ముక్కు పెట్టి చూడాలి.

ఇంకొక్క మాట. పేరెంట్స్ వచ్చే ముందు అగరుబత్తీ, సాంబ్రాణి, రూమ్ ఫ్రెషనర్ వద్దు. పూజ గదిలో వెలిగించుకోండి, ఎవరూ కాదనరు. హాల్లో పొగ కమ్ముకుని ఉంటే "ఏం దాస్తున్నారో" అన్న అనుమానం ముందే వచ్చేస్తుంది. పైగా పసివాళ్ళ ఊపిరితిత్తులకి ఆ పొగ మంచిది కాదు. శుభ్రమైన ఇంటికి ఏ వాసనా ఉండక్కర్లేదు.

తుడిచిన గంటకే నల్లటి దుమ్ము

జ్ఞానాపురం, కాన్వెంట్ జంక్షన్, పాతనగరం, మల్కాపురం వైపు ఉన్నవాళ్ళకి ఇది కొత్త కాదు. పోర్టు బొగ్గు, ఇనుప ఖనిజం దుమ్ము. మీరు ఆపలేరు. కానీ పేరెంట్స్ వచ్చే ముందు హడావిడిగా పొడి చీపురుతో ఊడిస్తే అదంతా లేచి, సరిగ్గా వాళ్ళు వచ్చేసరికి బొమ్మల మీద దిగుతుంది. ఊడవడం పొద్దున్నే అయిపోవాలి. తర్వాత కిటికీ గట్లు, బొమ్మల అర, ఫ్యాను రెక్కలు తడిగుడ్డతోనే. పోర్టు వైపు కిటికీ మూసి, రెండో వైపుది తెరవండి. ఆ ప్రాంతంలో ఉంటున్న పేరెంట్స్‌కి ఈ దుమ్ము సంగతి తెలుసు, గట్టు మీద ఒక పొర చూసి ఎవరూ వెనక్కి పోరు. పిల్లల ప్లేటు మీద చూస్తే పోతారు.

సముద్రం వైపు ఇళ్ళకి దుమ్ము బదులు తుప్పు. బాల్కనీ గ్రిల్, మెట్ల దగ్గర పెట్టే గేటు చేత్తో తడిమి చూడండి. రంగు అంటితే రంగు వేయించే పని ముందు పెట్టుకోండి.

నేల అంటుకుంటోంది

నేల తుడిచే లోషన్ ఎక్కువైంది. సీసా మీద రాసిన మోతాదు కంటే ఇంకో రెండు మూతలు పోస్తే ఇంకాస్త శుభ్రం అవుతుందన్నది భ్రమ. ఒక రోజు వట్టి నీళ్ళతో, మధ్యలో బకెట్ మారుస్తూ తుడవండి.

సర్దినా సంతలాగే కనపడుతోంది

బొమ్మలు ఎక్కువైపోయాయి. సగం అటక మీదికి ఎక్కించి, నెలకోసారి మార్చండి. పిల్లలకీ కొత్తగా ఉంటుంది. మూత లేని బుట్టలు మూడు నాలుగు చాలు. ఒక్కో బుట్టకీ అందులో ఏముందో బొమ్మ గీసి అంటిస్తే పిల్లలే వేసేస్తారు.

పిల్లలున్నప్పుడు ఎవరైనా చూడటానికొస్తే గది ఎలా ఉంటుందోనని, చాలామంది ఆదివారమే రమ్మంటారు. అది తప్పు. ఖాళీ ఇల్లు చూసిన తల్లికి ఇల్లు నచ్చుతుంది, తన పిల్ల అందులో ఎలా ఉంటుందో మాత్రం తెలియదు. పదిన్నర నుంచి పదకొండున్నర మధ్య పిలవండి. పొద్దుటి టిఫిన్ మరకలు తుడిచేసి ఉంటాయి, పిల్లలు ఆటలో ఉంటారు, అన్నాలు ఇంకా మొదలవ్వవు. స్టీల్‌ప్లాంటు, డాక్‌యార్డు డ్యూటీల వాళ్ళు షిఫ్టు చూసుకుని మధ్యాహ్నం వస్తామంటారు. అప్పుడు పిల్లలు నిద్రలో ఉంటారని ముందే చెప్పి, గది తలుపు దగ్గరనుంచే చూపించండి. నేల మీద పరిచిన బొమ్మలు ఆడుతున్న బొమ్మలైతే ఎవరూ తప్పు పట్టరు. నిన్నటి బొమ్మలైతే కనిపెడతారు, కింద పడి ఉన్న పాలసీసా మూతని బట్టి.

మిగతావి

చీమలు: బిస్కెట్ తినే చోటు ఒకటే పెట్టండి, తిన్నాక అక్కడే తుడవండి. గోడ మీద క్రేయాన్: తడిగుడ్డ మీద కాస్త వంటసోడా వేసి మెల్లగా రుద్దండి, ముందు ఓ మూల చూసుకుని. గోడకి చెమ్మ ఎక్కి బూజు పడితే అది మీ చేతిలో లేదు, ఇంటి ఓనరుతో మాట్లాడాలి. ఈలోగా పిల్లల పరుపులు ఆ గోడకి దూరంగా వెయ్యండి. బొద్దింకల మందు కొట్టించాలంటే పిల్లలు లేని శని, ఆదివారాలు చూసుకోండి, సోమవారం పొద్దున్న బొమ్మలన్నీ కడిగాకే బయటికి తియ్యండి.