అనుకున్న పని మధ్యలో ఆగిపోతోందా? సమస్య - పరిష్కారం (బెంగళూరులో ఉద్యోగం చేసుకునేవారికి)

మొదలుపెట్టిన పని ఆగిపోగానే అందరూ తిట్టుకునేది తమ బద్ధకాన్నే. దాని సంగతి చివరికి చూసుకోవచ్చు. చాలాసార్లు లోపం లక్ష్యం రాసుకున్న తీరులోనో, దానికి పెట్టిన వేళలోనో ఉంటుంది. కింద మీ లక్షణం ఏదో చూసి, ఒకసారికి ఒక్క మార్పే చేసి, రెండు వారాలు గమనించండి. అన్నీ కలిపి మారిస్తే ఏది పనిచేసిందో తేలదు.

అంతకంటే ముందు ఒక విషయం. ఈ లక్ష్యం ఒక్కటే కాకుండా తిండి, నిద్ర, స్నేహితులు, ఏదీ పట్టకుండా రెండు వారాలు దాటిందంటే అది టైమ్‌టేబుల్‌తో తీరేది కాదు. మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం నడిపే హెల్ప్‌లైన్ టెలి-మానస్, నంబరు 14416కు ఫోన్ చేయండి. ఉచితం, తెలుగులో మాట్లాడవచ్చు. ఊళ్ళోనే మానసిక వైద్యానికి నిమ్హాన్స్ ఆసుపత్రి కూడా ఉంది.

పది రోజులు బాగానే నడిచి ఆగిపోతోంది

కారణం: అది ఆదివారం మధ్యాహ్నం కడుపు నిండా తిని, తీరిగ్గా కూర్చుని వేసుకున్న ప్లాన్. "రోజూ రెండు గంటలు చదవాలి" అని రాసేశారు. మారతహళ్ళి పీజీలో ఉంటూ ఎలక్ట్రానిక్ సిటీలో పనిచేసే మనిషికి మంగళవారం ఎలా గడుస్తుందో లెక్క వేయండి. నిద్ర ఏడున్నర గంటలు, ఆఫీసు తొమ్మిదిన్నర, సిల్క్ బోర్డు మీదుగా రానూపోనూ రెండున్నర, స్నానం, తిండి, బట్టలకు రెండు, ఇంటికి ఫోనుకు అరగంట. మొత్తం 22. మిగిలిన రెండు గంటలూ ఒక్కచోట ఉండవు. పొద్దున గీజర్ ఖాళీ అయ్యేదాకా పావుగంట, రాత్రి భోజనానికి ముందు ఇరవై నిమిషాలు, ఇలా చిల్లరగా దొరుకుతాయి. ఆఫీసులో సాఫ్ట్‌వేర్ రిలీజ్ ఉన్న వారం అదీ ఉండదు.

ఇంతకుముందు ఇలాంటి పనికి ఎంతసేపు పట్టిందో చూడకుండా, అంతా సవ్యంగా జరిగితే ఎంత పడుతుందో ఊహించి లెక్కేసే అలవాటు మనుషులందరిదీ. మనస్తత్వ శాస్త్రవేత్తలు కానెమన్, ట్వర్‌స్కీ దీని గురించి 1979లోనే రాశారు.

పరిష్కారం: ఒక వారం ఏమీ మార్చకుండా ఏ పనికి ఎంతసేపు పోతోందో రాయండి. వారంలో అన్నిటికంటే ఇరుకైన రోజు తీసుకోండి. ఆ రోజు దొరికే ఖాళీలో సగమే మీ లక్ష్యం కొలత. 50 నిమిషాలు దొరికితే 25. తీరిక ఉన్న రోజు ఎక్కువ చేస్తే చేయండి, కానీ దాన్ని చూపించి మర్నాడు ఎగ్గొట్టొద్దు.

ఖాళీ ఉంది, అయినా చేతిలో ఫోనే ఉంటోంది

కారణం: ఎప్పుడు మొదలుపెట్టాలో చెప్పే గుర్తు లేదు. "సాయంత్రం ఏడింటికి" అని పెట్టుకోవడం ఈ ఊళ్ళో మరీ తప్పు. వాన పడి ఔటర్ రింగ్ రోడ్డు మీద నీళ్ళు నిలిస్తే ఏడింటికి మీరు ఇంకా క్యాబ్‌లోనే ఉంటారు. ఇల్లు చేరేసరికి వేళ దాటిపోయింది కదా అని ఆ రోజుకు వదిలేస్తారు.

పరిష్కారం: గడియారానికి కాకుండా, రోజూ తప్పక జరిగే ఒక పనికి ముడిపెట్టండి. "రాత్రి తిన్న ప్లేటు కడిగి పెట్టగానే టేబుల్ దగ్గర కూర్చుని ఒక లెక్క తీస్తాను." ఇలా "ఫలానాది జరగగానే ఫలానాది చేస్తాను" అని ముందే నిర్ణయించుకున్నవాళ్ళు ఉత్త సంకల్పంతో ఉన్నవాళ్ళకంటే ఎక్కువగా పని పూర్తి చేస్తారని మనస్తత్వ శాస్త్రవేత్త పీటర్ గోల్‌విట్జర్ పరిశోధనలు చూపించాయి. నోట్‌బుక్ ఆ పేజీ దగ్గర తెరిచి, పెన్ను దాని మీద పెట్టి ఆఫీసుకు వెళ్ళండి. ఫోన్ ఛార్జర్ మంచం దగ్గర కాకుండా తలుపు పక్కన ఉండాలి. ఈ రెండూ చిన్నవే, కానీ గోడకు అంటించే కొటేషన్లకంటే చాలా నయం.

ఒక్కరోజు తప్పింది, ఇక మొత్తం పోయింది

దీనికి సగం కారణం "21 రోజుల్లో అలవాటవుతుంది" అన్న ప్రచారం. మాక్స్‌వెల్ మాల్ట్జ్ అనే ప్లాస్టిక్ సర్జన్ 1960లో రాసింది వేరు: సర్జరీ తర్వాత కొత్త ముఖానికి అలవాటు పడడానికి కనీసం 21 రోజులు పడుతోందని. లండన్‌లో ఫిలిప్పా లాలీ బృందం 96 మందిని గమనించినప్పుడు, పని అలవాటుగా కుదరడానికి పట్టే కాలం అంచనా మనిషిని బట్టి 18 నుంచి 254 రోజుల దాకా వచ్చింది, మధ్యస్థంగా 66. ఒకరోజు తప్పినంత మాత్రాన పెద్ద తేడా రాలేదు.

పరిష్కారం: వరుసగా రెండు రోజులు తప్పకూడదు, నియమం ఇంతే. కుదరని రోజుకు ఐదు నిమిషాల పొట్టి రూపం ముందే రాసి పెట్టుకోండి. శుక్రవారం రాత్రి కె.ఆర్.పురంలో బస్సెక్కి ఊరెళ్ళే వారాలు, సంక్రాంతి, ఉగాది, ఇవన్నీ క్యాలెండర్‌లో ముందే సెలవుగా గుర్తు పెట్టండి. ముందే సెలవన్నది తప్పిన రోజు కింద లెక్క కాదు. తిరిగొచ్చిన మొదటి రోజుకు మాత్రం పొట్టి రూపమే పెట్టుకోవాలి, లేకపోతే ఆ నిద్రమత్తులో అదీ తప్పుతుంది.

రోజూ చేస్తున్నాను, ఫలితం లేదు

చేస్తున్నది ఏమిటో చూడాలి. ఇంటర్వ్యూ కోసం కోర్సు వీడియోలు చూస్తున్నారా? చూస్తున్నంతసేపూ అర్థమైనట్టే ఉంటుంది. మనస్తత్వ శాస్త్రవేత్తలు రోడిగర్, కార్పికే 2006లో చేసిన ప్రయోగంలో, మళ్ళీ మళ్ళీ చదివినవాళ్ళు ఐదు నిమిషాల తర్వాత పరీక్షలో ముందున్నారు. వారం తర్వాత మాత్రం, చూడకుండా గుర్తుచేసుకుని రాసినవాళ్ళకే ఎక్కువ గుర్తుంది. కాబట్టి వీడియో ఆపి, తెల్లకాగితం మీద పరిష్కారం మొదటి నుంచి రాయండి. అదే లెక్క మర్నాడు, మూడో రోజు, వారానికి మళ్ళీ తీయండి.

బరువు తగ్గడమైతే ఏ రోజు అంకెనూ నమ్మొద్దు. ఉప్పు, నీళ్ళు, రాత్రి తిన్న బిర్యానీని బట్టి కిలో అటూఇటూ అవుతుంది. వారం సగటును పోయిన వారం సగటుతో పోల్చండి.

పరుగు మొదలుపెడితే కాలి ముందెముక నొప్పి

మొదటిరోజే కబ్బన్ పార్కు చుట్టూ ఏకబిగిన పరిగెత్తడమే కారణం. ఐదు నిమిషాలు చురుగ్గా నడిచి, తర్వాత 60 సెకన్ల పరుగు, 90 సెకన్ల నడక, ఇలా 20 నిమిషాలు. వారానికి మూడు రోజులే, మధ్యలో విశ్రాంతి. ఈ పద్ధతిలో పరుగును మెల్లగా పెంచుతూ తొమ్మిది వారాలకు అరగంట ఆగకుండా పరిగెత్తే స్థాయికి తెస్తారు. ఎముక మీద ఒకేచోట నొక్కితే నొప్పి ఉన్నా, విశ్రాంతికీ తగ్గకపోయినా డాక్టర్‌కు చూపించండి.

లక్ష్యం ఎంతదాకా వచ్చిందో నాకే తెలియట్లేదు

"ఇంగ్లీషు మెరుగుపడాలి", "కన్నడ నేర్చుకోవాలి" అంటే అయిందో లేదో తేలదు. చేతిలో ఉన్న పనిగా మార్చండి: "రోజూ ఐదు కన్నడ బోర్డులు చదువుతాను, నెలాఖరుకు ఆటో బేరం కన్నడలోనే ఆడతాను." తెలుగు లిపి వచ్చినవాళ్ళకు సగం అక్షరాలు తెలిసినవే.

నెలల తరబడి వాయిదా, కానీ బాధ కూడా లేదు

అది బహుశా మీ లక్ష్యం కాదు. మేనేజరో, పెళ్ళిలో కలిసిన బావగారో పెట్టింది. దాన్ని జాబితాలోంచి కొట్టేయండి. ఒక నెల తర్వాత కూడా గుర్తురాకపోతే కొట్టేసింది సరైనదే. గుర్తొచ్చి వదలకపోతే, ఇరుకైన రోజు లెక్కతో మళ్ళీ రాసుకోండి.