జరగడాన్ని చూడటం – 3వ పాఠం: చీమకుర్తి రాయి

పోయిన పాఠంలో ఇచ్చిన పని చేశారా? మీ చుట్టూ ఉన్న ఏదో ఒకదాని గురించి ‘ఇది ఏంటి’ అని కాకుండా ‘ఇక్కడ ఏం జరుగుతోంది’ అని రాయమన్నాను. మీలో చాలామంది పెన్నా ఏటినో, పొయ్యి మంటనో ఎంచుకుని ఉంటారు. ఏరూ నిప్పూ తేలికండీ, రెండున్నర వేల ఏళ్ల కిందటి గ్రీకు తత్వవేత్త హెరాక్లిటస్ కూడా వాటినే పట్టుకున్నాడు. ఈసారి కదలనిదాన్ని తీసుకుందాం.

ఒంగోలు దగ్గర చీమకుర్తిలో దొరికే గెలాక్సీ గ్రానైట్ మీ వంటింటి గట్టు మీదో, మెట్ల మీదో ఉంటే వంగి చూడండి. నలుపులో బంగారు రంగు చుక్కలు మెరుస్తుంటాయి, అవి బ్రాంజైట్ అనే ఖనిజం పలుకులు. భూమి లోపల కరిగిన రాయి నిదానంగా చల్లారితేనే పలుకులు కంటికి ఆనేంత ఎదుగుతాయి, గబగబా చల్లారితే సన్నగానే ఉండిపోతాయి. అంటే మీ వేలి కిందున్న చుక్క, ఆ చల్లారడం ఎంత తీరిగ్గా జరిగిందో చెబుతోంది. బయట మెట్ల మీదైతే ఈ రోజు కూడా ఎండకి కాస్త సాగి, రాత్రికి ముడుచుకుంటుంది.

‘ఇదంతా రాయికి జరిగింది, రాయి మాత్రం రాయే కదా’ అంటారా? మెలికంతా అక్కడే ఉంది. ఈ మాటని ఒప్పుకోనివాడు వైట్‌హెడ్ అనే ఇంగ్లీషు తత్వవేత్త. ఆయన మొదట లెక్కల మనిషి, అరవై దాటాక 1924లో హార్వర్డ్‌కి వెళ్లి తత్వశాస్త్రం చెప్పాడు. 1929లో వచ్చిన ‘ప్రాసెస్ అండ్ రియాలిటీ’లో ఆయన అనేదేంటంటే, ముందు వస్తువంటూ ఉండి తర్వాత దానికి ఏవో జరగడం కాదు, జరగడాలే అసలు సరుకు, ఒక్కో ఘటన తన ముందున్నవాటిని అందుకుని తయారవుతుంది, అదే తీరు వరసగా సాగుతుంటే దానికి మనం రాయి అని పేరు పెట్టేస్తాం. ఆ పుస్తకం ఇప్పుడే చదవబాకండి, తల తిరిగిపోద్ది.

ఈ వారం పని మనుషుల మీద. ‘మావాడికి లెక్కలు రావు’ లాంటి మాట, మీరు రోజూ అనేదే, ఒకటి తీసుకోండి. దాన్ని కొట్టేసి, ఏ లెక్క దగ్గర ఆగుతున్నాడు, ఎప్పట్నుంచి, పక్కన ఎవరుంటే టెన్షన్ పడుతున్నాడు, నిన్న ఎంతవరకు చేశాడు అని రాయండి. ‘ప్రస్తుతానికి రావు’ అని సర్దేస్తే కుదరదు, అది పాత మాటే. ప్రతి ఘటనా ముందువాటిని అందుకునే తయారైతే మరి కొత్తదనం ఎక్కడిదని మీకు అనుమానం వచ్చే ఉంటుంది, 4వ పాఠం దాని మీదే.