తొలకరికి ముందే పాత కారు మిస్సింగ్‌ను పట్టుకోండి: ఘాట్ దిగే కుటుంబాలకు కొన్ని జాగ్రత్తలు

ఒడిశాలోని కోరాపుట్, జయపురం, సిమిలిగుడ ప్రాంతాల్లో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు పెళ్లికైనా, పెద్దాసుపత్రికైనా విజయనగరం, విశాఖపట్నం వైపు దిగడం మామూలే. అందుకు ఎక్కువమంది పట్టే దారి పొట్టంగి, సుంకి మీదుగా సాలూరు చేరే 26వ నంబరు జాతీయ రహదారి. ఎండాకాలంలో ఇంటి పాత పెట్రోలు కారు అప్పుడప్పుడు ఒక దెబ్బ తప్పి వెంటనే సర్దుకుంటూ ఉంటే మనం పట్టించుకోము. జూన్‌లో వానలు మొదలై ముసురు పట్టాక అదే లోపం ఘాట్ మలుపులో, వెనుక లోడు లారీ ఉండగా, పిల్లలూ పెద్దలూ బండిలో ఉండగా బయటపడుతుంది. అందుకే ఈ పరీక్షలన్నీ నేల పొడిగా ఉన్న మే నెలలోనే, ఇంటి ముందు చదునైన చోటనే ముగించుకోవాలని నా గట్టి అభిప్రాయం.

సిలిండర్‌లో మంట సరిగా అంటుకోవాలంటే గాలీ పెట్రోలూ తగిన పాళ్లలో కలవాలి, ఆ మిశ్రమం గట్టిగా నొక్కుకుపోవాలి, సరైన క్షణంలో ప్లగ్ దగ్గర నిప్పురవ్వ పుట్టాలి. ఈ మూడింటిలో ఏది లోపించినా ఆ సిలిండర్ పని చేయదు. దాన్నే మెకానిక్కులు మిస్సింగ్ అంటారు. మూడు సిలిండర్ల చిన్న కారులో ఒకటి ఆగితే దాదాపు మూడో వంతు బలం పోయినట్టే. ఐడ్లింగ్‌లో స్టీరింగ్ వణకడం, సైలెన్సర్ దగ్గర అరచేయి చాపితే గాలి ఒకే లయలో కాక మధ్యమధ్య తడబడుతూ తగలడం, పచ్చి పెట్రోలు వాసన రావడం దీని ఆనవాళ్లు.

సామాను మార్చడానికి ముందు ఒక వారం పాటు చిన్న పుస్తకంలో రాసి పెట్టుకోవలసిన సంగతి ఒకటుంది: బండి ఎప్పుడు మిస్సవుతోంది? ఐడ్లింగ్‌లో తడబడి, కాస్త రేస్ చేయగానే సర్దుకుంటే ఎక్కడో రబ్బరు గొట్టం చిట్లి ఇన్‌టేక్‌లోకి అదనపు గాలి చొరబడుతోందేమో చూడాలి. చెవి దగ్గర పెడితే సన్నని బుస వినిపిస్తుంది. చదునైన దారిలో బాగానే ఉండి, ఎత్తు ఎక్కేటప్పుడు కుదుపులిస్తే ముందు ప్లగ్గులు, వైర్లు, కాయిల్ (ప్లగ్‌కు ఎక్కువ వోల్టుల కరెంటు పుట్టించే భాగం), ఆ తరువాత పెట్రోలు ఫిల్టర్, పంపు చూడాలి. కడిగిన రోజునో, మంచు కమ్మిన తెల్లవారుజామునో మాత్రమే వస్తే అది దాదాపుగా కరెంటు కారిపోవడమే. ఈ వివరాలు చెప్పగలిగితే మెకానిక్ పని సగం తగ్గుతుంది.

మా ఇంటి కారు విషయంలో నేను ఈ పని చేయలేదు. ఒక వానాకాలమంతా ప్లగ్గులు మార్చాము, కాయిల్ మార్చాము, కార్బురేటర్ (పాత కార్లలో గాలీ పెట్రోలూ కలిపే భాగం) విప్పి కడిగించాము. ఎండ కాసిన రోజు బాగుండేది, ముసురు పట్టగానే మళ్లీ మొదటికి వచ్చేది. చివరికి అనుభవమున్న ఒక పెద్ద మెకానిక్ చీకటి పడ్డాక రమ్మని, ఆరుబయట బానెట్ ఎత్తి, ఇంజిన్ నడుస్తుండగా దూరం నుంచి వైర్ల మీద పొగమంచులా సన్నగా నీళ్లు చల్లారు. రెండో సిలిండర్ వైరు వంపు తిరిగే చోట, ఇనుప క్లిప్పు వైపు దారమంత నీలి మెరుపు చిటపటమంటూ దూకింది. దూకిన ప్రతిసారీ ఇంజిన్ ఒక దెబ్బ తప్పింది. డిస్ట్రిబ్యూటర్ (కరెంటును వంతులవారీగా ఒక్కో సిలిండర్‌కు పంచే భాగం) మూత విప్పి చూస్తే లోపలి గోడ మీద పెన్సిలుతో గీసినట్టు సన్నని నల్లని చార ఉంది. ఆ చార వెంబడే కరెంటు పక్క సిలిండర్‌కు పారిపోతోంది. మూత, రోటర్, వైర్ల సెట్టు మార్చాక మళ్లీ ఆ ఇబ్బంది రాలేదు. మూత బయటి నుంచి కొత్తదానిలా కనిపించడం వల్లే ఇన్నాళ్లూ ఎవరూ దాన్ని విప్పలేదు.

ఈ పరీక్షను సొంతంగా చేయాలనుకునేవారు తడి చేతులతో బానెట్ దగ్గరకు వెళ్లకూడదు. ప్లగ్ వైరులో నడిచే కరెంటు ఇరవై వేల వోల్టులు దాటుతుంది. బలహీనమైన సిలిండర్ ఏదో తెలుసుకోవడానికి నడుస్తున్న ఇంజిన్‌లో ప్లగ్ వైర్లు ఒక్కొక్కటే పీకి చూసే అలవాటు మన షెడ్లలో ఇంకా ఉంది. దాన్ని మీ బండి మీద చేయనివ్వకండి. చేతికి షాక్ తగలడం ఒక్కటే కాదు, పోయే దారి లేని కరెంటు కాయిల్‌ను పాడు చేయగలదు. కాలని పెట్రోలు సైలెన్సర్ దారిలో పొగను శుభ్రపరిచే క్యాటలిటిక్ కన్వర్టర్‌లో చేరి మండి, దాన్ని కరిగించగలదు. కార్బురేటర్ బదులు ఇంజెక్టర్లు పెట్రోలు చిమ్మే ఇంజెక్షన్ కారైతే ఇంజెక్టర్ కనెక్టర్లను ఒక్కొక్కటిగా తీసి చూడడం మేలు: ఏది తీసినప్పుడు ఇంజిన్ వేగంలో మార్పు రాదో ఆ సిలిండరే పని చేయనిది. కార్బురేటర్ బండికి టైమింగ్ లైటును (వైరులో కరెంటు నడిచిన ప్రతిసారీ మెరిసే దీపం) ఒక్కో వైరుకు తగిలించి చూస్తే వెలుగు ఎక్కడ తడబడుతుందో కనిపిస్తుంది. ఏ పరీక్షకైనా ఇంజిన్‌ను మూసిన షెడ్డులో నడపకూడదు, ఎందుకంటే పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు. చీర కొంగు, కండువా, గాజులు ఫ్యాను బెల్టు దరిదాపుల్లో ఉండకూడదు. రేడియేటర్ ఫ్యాను దానంతట అదే తిరగడం మొదలుపెడుతుంది.

ప్లగ్గులు ఇంజిన్ పూర్తిగా చల్లారాకే విప్పాలి, లేకపోతే అల్యూమినియం హెడ్‌లోని మరలు తెగిపోతాయి. ఏ ప్లగ్ ఏ సిలిండర్‌దో గుర్తు పెట్టుకోవాలి. లేత గోధుమ రంగు మంచిది. పొడి మసి పట్టి ఉంటే పెట్రోలు ఎక్కువవుతోంది, జిడ్డుగా ఉంటే ఇంజిన్ ఆయిల్ పైకి వస్తోంది, సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంటే గాలి ఎక్కువై వేడెక్కుతోంది.

కార్బురేటర్ బండ్ల వారికి ఇంకొక మాట. కోరాపుట్ సముద్ర మట్టానికి సుమారు 870 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడ గాలి మైదానంలో కంటే దాదాపు పదో వంతు పలుచన. విజయనగరంలో సరిచేయించిన ట్యూనింగ్‌తో పైకి వస్తే పెట్రోలు పాలు ఎక్కువై ప్లగ్గులు మసిబారుతాయి. మీరు ఎక్కువ రోజులు తిప్పే ఊళ్లోనే ట్యూనింగ్ చేయించుకోండి. ఇప్పుడు బంకుల్లో దొరుకుతున్న 20 శాతం ఇథనాల్ పెట్రోలు తేమను పీల్చుకుంటుంది, పాత రబ్బరు గొట్టాలను దెబ్బతీయగలదు. కాబట్టి వానాకాలమంతా ట్యాంకును సగం పైనే నింపి ఉంచండి, మూత రబ్బరు వాషరు, పెట్రోలు గొట్టాలు, ఫిల్టర్ ముందే మార్చండి.

స్కానర్ తగిలించి కోడ్ చదవడం సులువే కాని పాత కార్లన్నింటికీ అది పనికిరాదు. మన దేశంలో కొత్త కార్లకు ఓబీడీ 2 (ఇంజిన్ లోపాలను కోడ్ రూపంలో చూపే ఏర్పాటు) తప్పనిసరి అయింది 2013 ఏప్రిల్ నుంచి; అంతకు ముందువాటిలో చాలావరకు కంపెనీ సొంత యంత్రం అడుగుతాయి. ఉదాహరణకు పీ0301 అనే కోడ్ వస్తే మొదటి సిలిండర్ మిస్సవుతోందని మాత్రమే అర్థం, మొదటి సిలిండర్ కాయిల్ మార్చమని కాదు. పక్క సిలిండర్ కాయిల్‌తో దాన్ని అటూఇటూ మార్చి చూడండి. కోడ్ కూడా పక్కకు జరిగితే కాయిల్‌దే తప్పు.

ఇవన్నీ సరిగా ఉండి కూడా ఒకే సిలిండర్ పదేపదే తప్పుతుంటే కంప్రెషన్ (సిలిండర్‌లో మిశ్రమం నొక్కుకునే ఒత్తిడి) కొలిపించాలి. తక్కువ చూపిన సిలిండర్‌లో చెంచాడు ఇంజిన్ ఆయిల్ పోసి మళ్లీ కొలవాలి: ఒత్తిడి పెరిగితే పిస్టన్ రింగులు, పెరగకపోతే వాల్వులో హెడ్ గాస్కెట్టో అరిగినట్టు. గ్యాస్ కిట్ పెట్టించిన కార్లలో వాల్వు సీట్లు త్వరగా అరుగుతాయి. పొద్దున్న స్టార్ట్ చేయగానే కొద్ది నిమిషాలు తడబడి, కూలెంట్ క్రమంగా తగ్గుతున్న బండిని మాత్రం ఘాట్ వైపు తీసుకెళ్లనే వద్దు.

దారిలోనే మిస్సింగ్ మొదలైతే బలవంతంగా రేస్ చేసి ఎక్కించకండి. చెక్ ఇంజిన్ లైటు మిణుకుమిణుకుమంటుంటే మరీ వద్దు. మలుపు దాటి వెడల్పైన చోట, ఇండికేటర్లన్నీ వేసి, హ్యాండ్‌బ్రేకు లాగి, చక్రాల కింద రాళ్లు పెట్టి, ముందుగా మనుషులను కొండ వైపు దించండి. పొంగిన గెడ్డ (వాగు) దాటుతూ నీళ్లలోనే బండి ఆగితే సెల్ఫ్ కొట్టకండి. సిలిండర్‌లో చేరిన నీరు నలగదు, కనెక్టింగ్ రాడ్డే వంగుతుంది. తోయించి గట్టున పెట్టి, ప్లగ్గులు విప్పి నీరంతా బయటకు పోయాకే మళ్లీ తాళం తిప్పండి.