లెపర్డ్ గెకో పెంపకం, 4వ పాఠం: కుబుసం, కాలి వేళ్లు

ఈసారి లెపర్డ్ గెకోకు, అంటే మనం ఇంట్లో పెంచుకునే మచ్చల బల్లికి, పెట్టే మేత గురించి చెబుతానన్నాను. అది వచ్చే వారం చూద్దాం. ముందు కిందటి పాఠం తెచ్చిన తంటా తీర్చాలి.

అందులో, బల్లిని ఉంచే "తొట్టి పొడిగా ఉంచండి" అని రాశాను. చాలామంది ఆ మాట పట్టుకుని చుక్క తడి తగలనివ్వలేదు. డాలస్ నుంచి ఒకావిడ తన బల్లి ఫొటో పంపారు. ముందు కాలి చిటికెన వేలికి తెల్ల దారం చుట్టినట్టుంది. అది దారం కాదమ్మా, ఊడిరాని పాత చర్మం. ఎండేకొద్దీ అది బిగుసుకుంటుంది, రక్తం ఆగుతుంది, వేలు నల్లబడి రాలిపోతుంది. తోక తెగితే మళ్లీ వస్తుంది, వేలు రాదు. తడి గూడు, అంటే తొట్టిలో ఒక మూల బల్లి దూరి పడుకునే చెమ్మ డబ్బా, దాని సంగతి అప్పుడే చెప్పాల్సింది, చెప్పలేదు. తప్పు నాదే.

"ఎడారి జీవికి తడి ఎందుకు?" అని అడుగుతారు. ఈ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. అఫ్గానిస్తాన్, పాకిస్తాన్, మన వాయవ్య భారతంలోని రాతి నేలలు దీని సొంతూళ్లు. నేల పొడే, కానీ ఇది పగలంతా బండల కింద, బొరియల్లో పడుకుంటుంది. ఎండాకాలంలో పెరట్లో రాయి ఎత్తి చూడండి, కింద మట్టి చల్లగా, చెమ్మగా ఉంటుంది. దానికి కావలసింది ఆ చెమ్మే. తొట్టంతా తడిపితే జబ్బు చేస్తుంది. ఒక్క మూల చాలు.

కొన్న గూళ్లకన్నా నాకు పెరుగు డబ్బాయే నచ్చుతుంది. మూతకు బల్లి దూరేంత రంధ్రం కోసి, అంచు గరుకు కాగితంతో రుద్దండి. లోపల తడిపి పిండిన పేపర్ టవల్ పరచండి. నాచు వాడను, అందులో రెట్ట కనబడదు. డబ్బా వెచ్చని వైపే పెట్టాలి. టవల్ రెండు రోజులకోసారి మార్చండి.

ఒళ్లు పాలిపోయి తెల్లబడితే కుబుసం దగ్గరపడ్డట్టే. ఒకటి రెండు రోజులు తినకపోయినా కంగారు పడకండి. విడిచిన చర్మాన్ని అదే తినేస్తుంది, అందుకే "మాది కుబుసమే విడవలేదు" అనుకుంటారు.

వేలికి ఇప్పటికే పట్టేసి ఉంటే పొడిగా లాగకండి, కొత్త చర్మం కూడా ఊడొస్తుంది. గోరువెచ్చని నీళ్లతో తడిపిన టవల్ మీద, మూత ఉన్న గాలాడే డబ్బాలో 15 నిమిషాలు ఉంచి, తడి దూదిపుల్లతో వేలి మొదలు నుంచి కొనకు దొర్లించండి. రాకపోతే రేపు మళ్లీ. గోడబల్లికి లేని కనురెప్పలు దీనికున్నాయి, వాటి కింద కూడా చర్మం ఇరుక్కుంటుంది. కన్ను మాత్రం మీరు ముట్టుకోవద్దు, వేలు నల్లబడినా అంతే, సరీసృపాలు చూసే పశువైద్యుడి దగ్గరకే వెళ్లండి.

అభ్యాసం: 4 వారాలు, ప్రతి ఆదివారం, 20 వేళ్లూ ఫొటో తీయండి. చేత్తో ఒడిసిపట్టకుండా, గాజు పలక మీద నడిపించి కింద నుంచి తీయాలి. ఏ వేలూ వదలొద్దు.