తొలకరికి ముందు, అడవిలో మొక్కలు నాటే ముందు

– మొదట భూమి సంగతి తేల్చుకోండి. పోడు (అడవి భూమిలో సాగు) పట్టా దరఖాస్తు పెండింగ్‌లో ఉన్న చోట గుంతలు తవ్వితే గొడవ ఖాయం. 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం విచారణ పూర్తయ్యేదాకా సాగుచేసుకునేవాళ్లని ఖాళీ చేయించకూడదు, పైగా ఊరికి ఇష్టం లేని మొక్కకి ఎన్ని నీళ్లు పోసినా బతకదు.

– గ్రామసభ పెట్టండి, సంతకాల కోసం కాదు. పశువులు ఏ దారిన మేతకెళ్తాయో, ఏ ఇప్పచెట్టు కింద ఎవరు పువ్వు ఏరుకుంటారో అక్కడే తెలుస్తుంది.

– ఒక్క నీలగిరో టేకో నింపేయకండి, వాటి కింద ఊరికి దొరికేది తక్కువ. ఇప్ప, మొర్రి, నల్లమద్ది కలపండి. తునికి మోళ్లుంటే అసలు నాటక్కర్లేదు, వేర్ల నుంచి అదే చిగురిస్తుంది, నిప్పు పడకుండా చూస్తే చాలు.

– గడ్డిబయళ్లు ఖాళీ జాగాలు కావు. రోళ్లపాడు అభయారణ్యంలో బట్టమేక పిట్ట బతికింది ఆ బయల్లోనే.

– కాపలా కూలి బడ్జెట్‌లో ఉందా? ఫొటోలయ్యాక ఎవరూ రారు.