బ్రాంజ్ అవార్డు ఫారం మీ పిల్లల్నే నింపనివ్వండి

నేను సైదాబాద్‌లో లెక్కల టీచర్ని. మా స్కూల్లో ఇంటర్నేషనల్ అవార్డ్ ఫర్ యంగ్ పీపుల్‌కి అవార్డ్ లీడర్ని, అంటే పిల్లలకు దారి చూపే పెద్దని కూడా. 1956లో ప్రిన్స్ ఫిలిప్ బ్రిటన్‌లో మొదలుపెట్టిన కార్యక్రమం ఇది. 1962లో మన దేశానికి వచ్చింది. 14 నుంచి 24 ఏళ్ల వాళ్లు చేరొచ్చు. ర్యాంకులుండవు, ఎవరితోనూ పోటీ లేదు. ర్యాంకుల మధ్యే పెరిగే మన పిల్లలకు ఇది చాలా అవసరమని నా నమ్మకం.

మూడు మెట్లలో మొదటిదైన బ్రాంజ్‌తో మొదలుపెట్టండి. సేవ, ఏదైనా ఒక విద్య (అంటే నైపుణ్యం), ఒంటికి శ్రమ: ఈ మూడూ వారానికి కనీసం గంట చొప్పున మూడు నెలలు చేయాలి. వాటిలో ఒకటి మాత్రం ఆరు నెలలు. నాలుగోది సాహస యాత్ర.

అసలు కష్టం ఎంచుకోవడంలోనే ఉంది. ఎంచుకున్నవి రాసే ఫారం నింపే రోజు పెన్ను మీ చేతిలో ఉండకూడదు. మా తొమ్మిదో తరగతి అమ్మాయికి వాళ్ల నాన్న కోడింగ్ అన్నారు. ఆ పిల్ల సైకిల్ రిపేర్ అంది. నాన్నగారిని ఒప్పించడానికి టైమ్ పట్టింది. తర్వాత మలక్‌పేటలో ఓ సైకిల్ షాపు పెద్దాయనే ఆమెకు గురువు, అసెసర్ (పని చూసి ధ్రువీకరించే వ్యక్తి) కూడా. అసెసర్‌గా ఇంట్లోవాళ్లు పనికిరారు. "రిపేర్ నేర్చుకుంటా" అని రాస్తే నేను ఒప్పుకోలేదు. "మూడు నెలల్లో పంక్చర్ నేనే వేస్తా, బ్రేకులు నేనే సరిచేస్తా" అని రాయించాను. లక్ష్యం అలా కంటికి కనబడాలి. క్లాసులో నోరు విప్పని పిల్ల, ఇప్పుడు షాపుకొచ్చిన వాళ్లకి చైన్ ఎందుకు జారుతుందో విడమరిచి చెబుతోంది.

ఏది ఏ విభాగమో చూసుకోండి. క్రికెట్ ఆడితే శ్రమ, అంపైరింగ్ నేర్చుకుంటే విద్య. కూచిపూడి శ్రమ కిందికి వస్తుంది, వీణ విద్య కిందికి. ఇంట్లో తాతయ్యకు చేసే సాయం మంచిదే కానీ సేవగా లెక్కకు రాదు. అంధ విద్యార్థులకు పాఠాలు చదివి వినిపిస్తే వస్తుంది.

రికార్డు బుక్కులో ఏ వారానిది ఆ వారమే రాయించండి. నెలాఖరున గుర్తుచేసుకుని రాస్తే అందులో ఏమీ ఉండదు.

బ్రాంజ్ యాత్ర రెండు పగళ్లు, ఒక రాత్రి. బృందంలో నలుగురి నుంచి ఏడుగురు ఉండాలి, రోజుకు కనీసం ఆరు గంటలు పని జరగాలి. ఊరికే తిరిగి రావడం కాదు, ఒక ప్రయోజనం ఉండాలి. మేం అనంతగిరి కొండలు ఎంచుకుంటాం. మూసీ పుట్టేది అక్కడే కాబట్టి, నీళ్లు ఎక్కడ ఎలా ఉన్నాయో పిల్లలు రాసుకుంటారు. అంతకుముందు బ్యాగు బరువుతో ఖాజాగూడ గుట్టల్లో నడిపిస్తాం. అసలు యాత్రకు ముందు సాధన యాత్ర తప్పనిసరి, అదీ వేరే దారిలో. అటవీ శాఖ అనుమతి ముందే తీసుకోండి. వంట పిల్లలదే, టెంటు పిల్లలదే. పులిహోర డబ్బాలు కట్టి పంపొద్దు, వెనకాల కారేసుకుని రావొద్దు. భద్రత చూసుకోవడానికి శిక్షణ ఉన్న పెద్దవాళ్లు దగ్గర్లోనే ఉంటారు. తిరిగొచ్చాక రిపోర్టు కూడా పిల్లల మాటల్లోనే ఉండాలి. తప్పులున్నా దిద్దకండి.